పొయ్యి వెలిగించని ఇల్లు

పండగ ముచ్చట్లో, పిల్లల పరీక్షల సంగతులో చదువుదామని ఈ పేజీ తిప్పినవాళ్ళు ఈ వారానికి నన్ను క్షమించాలి. చావు ఇంటి సంగతి రాయబోతున్నాను. "ఆదివారం పూట అదేం రాతే తల్లీ!" అని మా అత్తగారు విసుక్కున్నారు. సరేనని కాగితాలు పక్కన పెట్టేశాను. ఓ గడియ ఊరుకుని మళ్ళీ ఆవిడే, "పోనీలే, రాయి. పక్కింట్లో పెళ్ళయితే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. చావయితే ఏం చెయ్యాలో ఎవరికి తెలుసు గనక!" అన్నారు. అనుమతి దొరికింది కనక రాస్తున్నాను.

ఈ సంగతి నాకూ తెలీదని నాకు గుడివాడలో తెలిసింది. తెలుగు ఎం.ఏ. పాసై, ఉద్యోగంలో కొత్తగా చేరి, అక్కడ పాఠాలు చెప్పే రోజులవి. నా క్లాసులో ఒక ముస్లిం అమ్మాయి ఉండేది. పద్యం చదివితే నాలుగు బెంచీల అవతలికి వినిపించేట్టు చదివేది. ఒకనాడు మధ్యాహ్నం వాళ్ళ నాన్నగారు పోయారని కబురొచ్చింది. నాకు ప్రాణం ఉసూరుమంది. అయితే ఏమనుకున్నానంటే, చుట్టాలు రావాలి, అన్నదమ్ములు రావాలి, ఎంత లేదన్నా రేపటి మాట కదా అని. మిగిలిన రెండు క్లాసులూ చెప్పుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఒక పెద్ద గులాబీ దండ కొనుక్కుని వెళ్ళాను.

వెళ్ళేసరికి వాకిలి కడిగి ఉంది. లోపల చాపల మీద ఆడవాళ్ళు కూర్చుని చదువుకుంటున్నారు. ఆ పిల్ల లేచి వచ్చి, "నిన్న అసర్ నమాజు వేళకే అయిపోయింది మేడమ్" అంది. చేతిలో దండ. ఎక్కడ పెట్టను? ఎవరి మీద వెయ్యను? అది చాలనట్టు, ఏదో ఒకటి అడగాలి కాబోలనుకుని, "పెద్దకర్మ ఎప్పుడమ్మా?" అన్నాను. పిల్ల తెల్లబోయి చూసింది. వాళ్ళ నాయనమ్మ మటుకు నా చెయ్యి పట్టుకుని, "మాలో అట్లా ఉండదు తల్లీ. కూచో, మంచినీళ్ళు తాగు" అంది. కొడుకు పోయిన మనిషి, నా సిగ్గు కూడా తనే మోసుకుంది. తిరిగి వస్తూ ఆ దండని కాలవలో వదిలేశాను.

అప్పటినుంచీ నాకొకటి తెలిసింది. ముస్లిముల ఇంట్లో ఆలస్యం పనికిరాదు. ప్రాణం పోయాక వీలయినంత త్వరగా ఖననం చేసెయ్యాలని వాళ్ళ ధర్మం. పొద్దున పోతే సాయంత్రంలోగా, రాత్రి పోతే మర్నాటి మధ్యాహ్నంలోగా అయిపోతుంది. తప్పనిసరి అయితే తప్ప దూరాన ఉన్న చుట్టాల కోసం ఆపరు. కడసారి చూడదలుచుకున్నవాళ్ళు కబురు తెలిసిన కాలితోనే వెళ్ళాలి.

తెలిసి ఉండటం వేరు, సమయానికి పనికిరావటం వేరు. ఆ రెండోది నిరుడు బందరులో ఎదురయింది.

బందరులో మా కాపురం ఇనగుదురుపేటకు దగ్గర. బందరు ముస్లిములు నిన్నా మొన్నా వచ్చినవాళ్ళు కారు. గోల్కొండ సుల్తానులకు పెద్ద రేవు ఇదే. మక్కా యాత్రికులు ఇక్కడ ఓడ ఎక్కేవారు. మిహ్రాబు గీసిన కలంకారీ నమాజు పట్టలు ఇక్కడినుంచి పర్షియాదాకా వెళ్ళేవి. అంతటి పాత ఊళ్ళో, మా వీధి మలుపులో, ఒక చిన్న దుకాణంలో రెండు కుట్టు మిషన్లు పెట్టుకుని దర్జీ మాస్టారు ఉండేవారు. మా పిల్లల యూనిఫారాలూ, మా వారి లాగులూ, నా జాకెట్లూ అన్నీ ఆయన చేతిమీదుగా వచ్చినవే. పండగకి ఇస్తానంటే పండగ వెళ్ళాక ఇస్తారన్న మాటే గాని కుట్టుకి వంక పెట్టడానికి లేదు. ఆయన భార్యని నేను ఆపా అంటాను. ఆవిడ నన్ను చెల్లెమ్మా అంటుంది. వాళ్ళ పెరటి గోడా మా పెరటి గోడా ఒకటే.

కార్తీకమాసంలో ఒకనాడు తెల్లవారుజామున ఆ గోడ అవతలినుంచి ఏడుపు వినిపించింది. మాస్టారు నిద్రలోనే పోయారు. మేం వెళ్ళేసరికే కళ్ళు మూసి, గడ్డానికి గుడ్డ కట్టి, కాళ్ళు చాపి, దుప్పటి కప్పారు. నేను ఆపా పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడను? ఇంతలో మసీదునుంచి ఒక ముసలి సాయిబుగారు వచ్చారు. శవానికి స్నానం చేయించే పెద్దాయన ఆయన. గస్సాల్ అంటారు. ఆయన వస్తూనే అడిగిన మొదటి మాట, "రేగాకు ఎక్కడ దొరుకుద్ది?" అని.

మా పెరట్లో రేగిచెట్టుంది. దాన్ని కొట్టించెయ్యమని రెండేళ్ళుగా మా వారితో పోరుతున్నదాన్ని నేనే. ఆ పొద్దున చీకట్లోనే, ముళ్ళు గీరుకుంటున్నా లెక్కచెయ్యకుండా గంపెడు ఆకు దూసి గోడమీదినుంచి అందించాను. ఆ ఆకు వేసి కాచిన నీళ్ళతో స్నానం. ఒకసారో, మూడుసార్లో, అయిదుసార్లో, బేసి లెక్కన పోస్తారు. ఆఖరి నీళ్ళల్లో కర్పూరం కలుపుతారు. మగవాళ్ళకి మగవాళ్ళు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు. భార్య మటుకు భర్తకి చేయించవచ్చు. ఒంటిమీద వస్త్రం తియ్యకుండా, లోపలినుంచే, పసిబిడ్డకి పోసినట్టు పోస్తారట. చూసిన లోపం ఏదన్నా ఉంటే బయటికి చెప్పకూడదనీ నియమం. మా వారు సాయం పట్టి వచ్చి, "ఆ పెద్దాయన బతికున్న మనిషికి చెప్పినట్టు, కాస్త ఇటు తిరుగు బాబూ అంటూ చేయించాడే" అన్నారు.

స్నానం అయ్యాక కఫన్. తెల్లటి నూలుబట్ట. మగవాళ్ళకి మూడు బట్టలు, ఆడవాళ్ళకి తలగుడ్డా రొమ్ముపట్టీ కలిసి అయిదు. కోటీశ్వరుడికయినా కూలివాడికయినా అంతే. చుట్టడమే గాని కుట్టడం లేదు. నలభై ఏళ్ళు ఊరందరి బట్టలూ కుట్టిన మనిషి కుట్టు లేని బట్టలో వెళ్ళారు. జనాజా మసీదులోనే ఉంటుంది, ఎవరింట్లో అవసరమయితే వాళ్ళింటికి వస్తుంది. మధ్యాహ్నం జుహర్ నమాజు అయ్యేటప్పటికి మాస్టారిని దాని మీద తీసుకెళ్ళారు. నాలుగడుగులకొకరు భుజం మార్చుకుంటూ వీధి వీధంతా మోసింది. మా వారూ మోశారు. ఆడవాళ్ళం గుమ్మం దగ్గర ఆగిపోయాం, మనలోలాగే.

జనాజా నమాజులో వంగడం, సాష్టాంగపడటం ఉండవు. నిలబడే నాలుగుసార్లు దేవుడి గొప్పతనాన్ని తలుస్తారు. నేను చెప్పేది మా పేటలోని సున్నీల పద్ధతి. షియాల్లో కొద్ది తేడాలున్నాయి. మా వారు వెనక వరసలవతల నిలబడ్డారు. నమాజుకి ముందు మాస్టారి కొడుకు అందరి ఎదుటా నిలబడి, "మా నాన్న ఎవరికన్నా బాకీ ఉంటే నన్నడగండి. నేను తీరుస్తాను. మాటల్లో ఏదన్నా పొరపాటుంటే క్షమించండి" అన్నాడట. ఆ మాట మీరు గుర్తుంచుకోవాలి. మళ్ళీ వస్తాను.

ఖబరస్తానులో గోతిలోకి ఊట నీళ్ళు వస్తుంటే కుర్రాళ్ళు బకెట్లతో తోడారట. మన కృష్ణా డెల్టా నేల సంగతి తెలిసిందే కదా. గట్టినేల అయితే గోతి అడుగున పక్కగోడలో గూడులా తొలిచి అందులో పడుకోబెడతారు. మెత్తని నేలలో అది కూలిపోతుంది కనక అడుగున మధ్యలో చిన్న గాడి తీసి, పైన చెక్కలు పరిచి మన్ను వేస్తారు. మన్ను మనిషి మీద పడకూడదు. కుడిపక్కకి తిప్పి, ముఖం కాబా వైపు, అంటే మనకి పడమటి వైపు, ఉండేట్టు పడుకోబెడతారు. కనక తల ఉత్తరానికి వస్తుంది. ఉత్తరపు దిక్కు తల పెట్టి పడుకుంటే మా అమ్మ నన్ను ఎన్నిసార్లు లేపి తిట్టిందో! ఒకరి ఇంట్లో కూడని దిక్కు ఒకరి ఇంట్లో ఆఖరి దిక్కు. వచ్చిన ప్రతివాళ్ళూ మూడేసి గుప్పిళ్ళ మన్ను వేస్తారు. మా వారి చేతికి ఆ సాయంత్రం దాకా మన్ను అంటుకునే ఉంది. కడుక్కోమని నేనూ అనలేదు.

ఆ పెద్దాయన్ని తర్వాతెప్పుడో అడిగాను, ఇంతమంది పనులు మానుకుని ఎట్లా వచ్చారని. ఆయన చెప్పిన మాట నాకు పాఠంలా పట్టుకుంది. వాళ్ళ ధర్మంలో కొన్ని విధులు ఎవరివి వాళ్ళవే. రోజూ చేసే నమాజు అటువంటిది. చనిపోయినవాడికి స్నానం, కఫన్, నమాజు, ఖననం, ఇవి మటుకు ఊరందరి ఉమ్మడి విధి. ఫర్జె కిఫాయా అంటారు. కొందరు చేస్తే అందరికీ తీరిపోతుంది. ఎవరూ చెయ్యకపోతే ఊరందరికీ పాపం. దిక్కులేని మనిషి పోయినా ఊరికి తప్పదు. "మేం వచ్చింది మాస్టారి కోసమే కాదమ్మా, మా కోసం కూడా" అన్నాడాయన.

ఇక ఆడవాళ్ళ వైపు సంగతి చెబుతాను. మగవాళ్ళు మట్టి ఇచ్చి వస్తే వాళ్ళ పని అయిపోయినట్టే. ఇంట్లోవాళ్ళకి అప్పుడే మొదలవుతుంది.

ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. మన ఇళ్ళల్లో కూడా శవం లేచేదాకా పొయ్యి వెలిగించం. వాళ్ళల్లో అటువంటి నిషేధం ఏమీ లేదు. దుఃఖంలో ఉన్నవాళ్ళకి వంట తీరిక ఎక్కడిది, కనక ఇరుగుపొరుగులే వండి పంపాలి. జాఫర్ అనే ఆయన యుద్ధంలో పోయినప్పుడు ఆయన ఇంటివాళ్ళకి అన్నం వండి పంపమని ప్రవక్తే చెప్పాడని వాళ్ళ సంప్రదాయం. నాకేమో సందేహం. మన ఇంటి శాకాహారం వాళ్ళు తింటారా, ఏమనుకుంటారో అని. మా అత్తగారే గదిమారు. "ఆకలికి కూర పేరు తెలుస్తుందిటే?" అని, మెత్తగా అన్నం, పెసరపప్పు, మిరియాల చారు చేసిచ్చారు. ఆపా తల్లిగారు, డెబ్బై ఏళ్ళ మనిషి, రెండు గ్లాసుల చారు తాగింది. ఆపా చేత నాలుగు ముద్దలు తినిపించింది. మూడు రోజులు అట్లా వీధిలో ఇళ్ళు వంతులు వేసుకున్నాయి. బిర్యానీ పంపినవాళ్ళున్నారు గాని, సుమండీ, తెల్లవార్లూ ఏడ్చిన గొంతులోకి చారే దిగుతుంది.

ఆ మొదటి రోజునే, మాస్టారిని ఇంకా తీసుకెళ్ళకముందు, ఒక సంగతి జరిగింది. వాళ్ళ వైపు పెద్దావిడ ఒకావిడ ఆపా చెవి దగ్గర వంగి, "మహర్ మాఫ్ చేశానని చెప్పు బేటీ, ఆయన హాయిగా వెళతాడు" అంది. మహర్ అంటే నికాలో పెళ్ళికొడుకు పెళ్ళికూతురికి ఇస్తానని ఒప్పుకునే సొమ్ము. చాలామంది మాటిస్తారే గాని ఇవ్వరు. మొగుడు పోయిన రోజున శవం ముందర అందరూ చూస్తుండగా పెళ్ళాం చేత మాఫ్ అనిపించడం మన దేశంలో ఎన్నోచోట్ల అలవాటయిపోయింది. ఆ స్థితిలో ఏ ఆడది కాదంటుంది? ఆపా నోరు తెరవబోయింది. అంతవరకూ గోడకి ఆనుకుని పలక్కుండా కూర్చున్న వాళ్ళమ్మ, "అననక్కర్లా. బాకీ బాకీయే" అంది. అంతే. ఆ గదిలో ఊపిరి చప్పుడు కూడా లేదు.

తర్వాత మౌల్వీగారూ అదే చెప్పారు. పోయినవాడి సొత్తులోంచి ముందు ఖననం ఖర్చు, తర్వాత బాకీలు, ఆ తర్వాత వీలునామా ఉంటే అది, అదీ మూడో వంతు దాటకుండా, ఆ మిగిలిందే వారసులకి. భార్య మహర్ బాకీల్లో చేరుతుంది. అది తీరాక పంచుకునే దాంట్లో పిల్లలున్న భార్యకి ఎనిమిదో వంతు వేరే వస్తుంది. మహర్ తీరేదాకా తన స్వాధీనంలో ఉన్న ఆస్తిని అట్టిపెట్టుకునే హక్కు ఆవిడకి ఉందని మన దేశపు కోర్టులు కూడా ఎప్పుడో ఒప్పుకున్నాయి. మనస్ఫూర్తిగా వదులుకుంటే వదులుకోవచ్చు. అనిపిస్తే అనడం వదులుకోవడం కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పదో రోజు దాటేసరికి ఆ ఇంట్లో ఇంకో మాట బయలుదేరింది. మూడో రోజున జియారత్ అయింది. నలభయ్యో రోజు చహల్లుంకి ఊరందరికీ భోజనం పెట్టాలని బాబాయి వరసాయన పట్టు. లేకపోతే పరువేమిటని. కొడుకు హైదరాబాదులో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. వాడి దగ్గర డబ్బెక్కడిది? దుకాణంలో ఉన్న రెండు మిషన్లూ అమ్మేస్తే సరి అన్నారు. మౌల్వీగారు ససేమిరా కూడదన్నారు. దుఃఖంలో ఉన్న ఇంటికి మనం అన్నం పెట్టాలి గాని, వాళ్ళ చేత మనకి పెట్టించుకోవడమేమిటన్నారు. మన పెద్దకర్మల్లో అప్పుచేసి గారెలు వండిన ఇళ్ళు నేనెన్ని చూశాను! ఆ మాట ఎవరో ఒకరు మన వీధుల్లో కూడా గట్టిగా అంటే బాగుండునని అనుకున్నాను.

అప్పుడు ఆపా తలుపు వెనకనుంచి మొదటిసారి మాట్లాడింది. "నా మహర్ పదకొండు వేలు. ఆ మిషన్లు నాకు మహర్ కింద ఇచ్చెయ్యండి" అంది. కొడుకు తల వంచుకుని, "సరే అమ్మీ" అన్నాడు. మంచి పిల్లాడు. చెప్పేవాళ్ళు లేక తికమకపడ్డాడంతే.

ఇక ఆ నాలుగు నెలల పది రోజుల సంగతి. భర్త పోయిన ఆడది అన్నాళ్ళు ఇద్దత్ పాటించాలి. గర్భవతి అయితే ప్రసవం అయ్యేదాకా. ఆ గడువులో నగలు, అలంకారం, మళ్ళీ పెళ్ళి మాట ఉండవు. ఇల్లు వదిలి ఉండకూడదు. అయితే ఇల్లు గడవడానికో, ఆస్పత్రికో, కచేరీ పనికో పగటిపూట వెళ్ళి రాత్రికి ఇల్లు చేరుకోవచ్చునని మౌల్వీగారు చెప్పారు. చాలామంది ఆ వెసులుబాటు తెలీక మందులకి కూడా కదలరు. గడువు తీరాక మటుకు ఏ ఆంక్షా లేదు. ఇష్టమయితే మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. మా మేనత్త ఒకావిడ పదహారేళ్ళకి విధవై, డెబ్బై ఏళ్ళ వరకూ వంటింటి మూలనే ఉండిపోయింది. వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో 1881లో మొదటి వితంతు వివాహం చేస్తే ఆయన్ని వెలివేసినంత పనిచేశాం. వాళ్ళ శోకానికి ఒక గడువుంది. మన ఆడవాళ్ళకి లేకపోయింది.

ఆ గడువులో మా వంతు పనులు కొన్ని పడ్డాయి. ఇరవై ఒక్క రోజుల్లోగా మరణం రిజిస్టరు చేయించాలి కనక మా వారు మునిసిపల్ ఆఫీసుకి తిరిగారు. బ్యాంకు కాగితాలు నేను పూర్తి చేశాను. అసలు పని వేరే ఉంది. కొడుకు మసీదులో ఒప్పుకున్న బాకీలున్నాయే, అవి డబ్బు బాకీలు కావు. దుకాణంలో కుట్టని గుడ్డలు బీరువా నిండా ఉన్నాయి. సగానికి సగం అడ్వాన్సు పుచ్చుకున్నవే. ఎవరివి ఏవో మాస్టారి కొలతల పుస్తకంలో ఉంది. దాన్ని చదవడం ఎవరివల్లా కాలేదు. తెలుగే. అయితే ఆ తెలుగు ఆయనొక్కడికే తెలిసిన తెలుగు. సంధులన్నీ ఆయన సొంతం. "రైతుబ.కో.సు.గా. 2 లా." అని ఉంటుంది. ఎం.ఏ. చదివిన చదువు నాకు ఏనాడూ అంతగా పనికిరాలేదంటే నమ్మండి. సాయంత్రాలు నేను చదవడం, ఆపా గుర్తుపట్టడం, వాళ్ళమ్మాయి చీటీ రాసి కట్టడం. రైతుబజారు కోడలి సుబ్బారావుగారు, రెండు లాగులు! ఆపా ఆ రోజు మొదటిసారి నవ్వింది. నవ్వి, వెంటనే ముఖం కప్పుకుని ఏడ్చింది.

అట్లా కూర్చున్న ఒక సాయంత్రం నవంబరు 19. తారీఖు నేను గమనించలేదు. మా అత్తగారు గమనించారు. ఆవిడది దివిసీమ, అవనిగడ్డ వైపు. ఏటా ఆ రోజు ఆవిడ రాత్రి భోజనం చెయ్యరు. ఆపా తల్లిగారిదీ దివే, నాగాయలంక దగ్గర. ఇద్దరూ మా పెరటి అరుగు మీద చేరారు. 1977లో ఆ రోజున వచ్చిన ఉప్పెన గురించి మీరు వినే ఉంటారు. తాటిచెట్టంత కెరటం అన్నారు చూసినవాళ్ళు. దాదాపు పది వేల మంది పోయారని సర్కారు లెక్క. అంతకన్నా ఎక్కువే అంటారు దివివాళ్ళు. బందరుకీ ఆ భయం కొత్తది కాదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ముప్పై వేలమంది దాకా పోయారు.

"బక్రీదు రెండు మూడు రోజులుందనగా వచ్చింది" అని మొదలుపెట్టింది ఆ పెద్దావిడ. భర్త పొలానికి వెళ్ళినవాడు మరి రాలేదు. ఆపాకి రెండేళ్ళు. నీళ్ళు తీశాక శవాలు ముళ్ళకంపల మీదా, చెట్లమీదా చిక్కుకుని ఉన్నాయి. ఎవరు ఏ మతమో, ఏ కులమో చెప్పడానికి లేదు. వచ్చిన పుణ్యాత్ములు ముక్కులకి గుడ్డలు కట్టుకుని, కుప్పలుగా కొన్నిటిని కాల్చారు, కొన్నిటిని పూడ్చారు. "ఆయనకి స్నానం లేదు, కఫన్ లేదు, నమాజు లేదు, మన్ను లేదు. నీళ్ళల్లో పోయినవాళ్ళకి షహీదుల దర్జా ఇస్తాడమ్మా దేవుడు అని మౌల్వీ సాబ్ చెప్పాడు. దాంతో గుండె దిటవు చేసుకున్నా. ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ఇద్దత్ ఏనాటినుంచి లెక్కపెట్టుకోను? ఆయన పోయిన రోజు నేను చూళ్ళేదే! వస్తాడేమోనని గుమ్మం వైపే చూస్తా ఉండేదాన్ని. ఆఖరికి పెద్దలు కూచుని ఉప్పెన వచ్చిన రోజునుంచే లెక్క అన్నారు. నా నాలుగు నెలల పది రోజులూ అయ్యాయి గాని, ఎదురుచూడ్డం అవలేదు తల్లీ."

మా అత్తగారు ఏమీ అనలేదు. ఆవిడ చిన్న తమ్ముడూ దొరకలేదు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చీకటిపడేదాకా కూర్చున్నారు.

మహర్ బాకీ బాకీయే అని ఆవిడ ఎందుకంత గట్టిగా అనగలిగిందో అప్పుడు నాకు అర్థమయింది. చేతిలో పైసా లేకుండా, రెండేళ్ళ పిల్లతో, లెక్కే తెలీని ఇద్దత్ గడిపిన మనిషి ఆవిడ. అల్లుడికి అన్నీ సక్రమంగా జరగాలని ఎందుకు నిలబడి చేయించిందో కూడా అప్పుడే తెలిసింది. రేగాకు నీళ్ళూ, మూడు బట్టలూ, నాలుగు తక్బీరులూ, మూడు గుప్పిళ్ళ మన్నూ చూసేవాళ్ళకి చిన్న చిన్న పనులే. దక్కనివాళ్ళని అడగండి వాటి విలువ.

మన పక్కన ముస్లిములు లేని ఊరు మన డెల్టాలో ఉండదేమో. కొందరి ఇంట్లో ఉర్దూ, దూదేకులవారి ఇంట్లో తెలుగే. వాళ్ళ ఇంట్లో ఇటువంటి రోజు వస్తే నాకు తెలిసిన మటుకు చెబుతాను. వెంటనే వెళ్ళండి. పూలదండల అవసరం లేదు. బూట్లు విడిచి నిశ్శబ్దంగా కూర్చుంటే చాలు. మగవాళ్ళయితే భుజం ఇవ్వండి, ఎవరూ కాదనరు. ఆడవాళ్ళయితే మెత్తటి అన్నం పంపండి. మూడో రోజు దాటాక వెళ్ళడం మానకండి. అసలు మనుషులు కావలసింది అప్పుడే. కాగితాలు చదివేవాళ్ళు కావాలి, కచేరీకి తిరిగేవాళ్ళు కావాలి, తలుపు దగ్గర నిలబడి బజారుకి ఏమన్నా కావాలా ఆపా అని అడిగేవాళ్ళు కావాలి. ఊరందరి ఉమ్మడి విధి అన్నాడు ఆ పెద్దాయన. ఆ ఊళ్ళో మనం కూడా ఉన్నాం గదా.

ఫాల్గుణంలో ఆపా గడువు తీరింది. ఆ మర్నాడు పొద్దున్నే వీధి తలుపు చప్పుడయింది. తీసి చూస్తే ఆపా. నాలుగు నెలల తర్వాత వీధిలో కాలు పెట్టి మొదట మా గుమ్మానికే వచ్చింది. చేతిలో పొట్లం. విప్పితే, మాస్టారికి నేను దసరా ముందు ఇచ్చిన నీలం జాకెట్టు గుడ్డ. ఆవిడే కుట్టింది. పుస్తకంలో నా పేరు మీద గీత కొట్టి చూపించి, "ఇదే ఆఖరిది చెల్లెమ్మా. ఆయనకి ఇంక ఎవరి బాకీ లేదు" అంది. కుట్టుకూలి ఇవ్వబోతే నా చెయ్యి తోసేసింది. అడ్వాన్సు ముందే ముట్టిందట.

ఇప్పుడు ఆ దుకాణం ఆపాదే. వాళ్ళమ్మాయి రెండో మిషను మీద కూర్చుంటుంది. పండగకి ఇస్తామంటే పండగకే ఇస్తున్నారు. మాస్టారి కన్నా ఆ విషయంలో నయం. నా నీలం జాకెట్టుకి చేతులు మటుకు కాస్త బిగుతు. మా వారు విప్పించి సరిచేయించుకోమంటున్నారు. నేను చేయించను.

మా పెరట్లో రేగిచెట్టు అట్లాగే ఉంది. కొట్టించే మాట నేనెత్తడం లేదు.